మెంగియా చెయ్యి వెతికిన లీవరు

ఆ కొండలోయలో దూరీ కాందినాస్‌ది తండ్రి నాటి కార్లు అమ్మే షెడ్డు. అతని లెక్క ఒక్కటే. మెంగియా కొత్త బండి కొంటే లోయంతా కొంటుంది. మెంగియా పెదవి విరిస్తే, కింద పట్నంలో అద్దాల షోరూము పెట్టినవాడు బేరాలన్నీ ఎగరేసుకుపోతాడు, షెడ్డుకు తాళం పడుతుంది. కొండమీద పశువులు మేపి చీజు చేసే ఆ పెద్దావిడ మాటంటే ఊరికి అంత గురి.

నాలుగు చక్రాలూ లాగే ఇంటివాడకం కారును అక్కడికి మొదట తెచ్చింది దూరీ తండ్రే. దానికి సీట్ల మధ్య ఒక లీవరు ఉండేది. మంచు కనబడగానే లాగితే వెనక చక్రాలూ పనిలోకి దిగేవి. దాన్ని మెంగియా మామగారు కొన్నారు. ఆ బండి రెండో తరానికి లీవరు పోయి బొత్తాం వచ్చింది, దాన్ని ఆమె భర్త కొన్నాడు. మూడోది నేల నుంచి ఇంకాస్త పైకి లేచింది, ఎవరూ చెప్పకుండానే నాలుగు చక్రాలూ తిప్పుకుంది, కూతురు కొన్నది. మెంగియా మాత్రం మామగారి బండి వదల్లేదు. చీజు దిమ్మలైనా, దూడలైనా, నొప్పులు పడుతున్న కూతురైనా అందులోనే. ఇప్పుడు దాని అడుగు తుప్పు పట్టి రాలిపోయింది.

తొలిమంచు పడ్డ ఆదివారం, ప్రార్థన ముగిశాక, దూరీ నాలుగో తరం బండిని చర్చి ముందు నిలిపాడు. ఊరి ఆనవాయితీ ప్రకారం కొత్త బండికి పరీక్ష చర్చి వెనక నిటారు బాట మీదే. మధ్యలో ఆగితే ఇక లేవడం ఉండదు. వెనక్కి జారి మళ్లీ మొదలుపెట్టాలి, ఏడాదంతా ఊరి నవ్వులు మొయ్యాలి.

పోస్టు బస్సు తోలే ప్లాచీ బండి లోపలి తెరను చూపిస్తూ సత్రం మెట్ల మీంచి అరిచాడు. "ఏం దూరీ, టీవీ కూడా పెట్టావే! వార్తలు చూసుకుంటూ జారొచ్చన్నమాట!"

"ముందు నీ బస్సు చక్రాలకు మంచు గొలుసులు కట్టుకో బావా!"

"పక్కన కూర్చోరా. నోరు మాత్రం తెరవకు," అంది మెంగియా దూరీతో, స్టీరింగు పట్టుకుంటూ.

బండి సగం బాట సునాయాసంగా ఎక్కింది. గడ్డకట్టిన మలుపు రాగానే ఆమె కుడిచెయ్యి పాత అలవాటున సీట్ల మధ్యకు పోయింది. లీవరు లేదు. ఆ చోట బ్రేకు మీట ఉంది. లాగేసింది.

బండి ఉన్నచోటే నిలబడిపోయింది. కింద నవ్వులు గుప్పుమన్నాయి.

"ఏం చేశానురా?"

"బ్రేకు లాగావు పెద్దమ్మా."

"మీ నాన్న లీవరు అక్కడే కదరా ఉండేది!"

"ఇప్పుడు లాగక్కర్లేదు. అదే చూసుకుంటుంది."

"ఈ మలుపులో ఆగి లేచిన బండిని నేను చూళ్లేదు."

"నేనూ చూళ్లేదు," అన్నాడు దూరీ. ఆమె దగ్గర అబద్ధం ఎప్పుడూ నష్టబేరమే. "మీట వదిలి, మెల్లగా తొక్కు."

ముందు చక్రం జారింది. వెనకది పట్టింది. బండి ఒకసారి ఒళ్లు విదిలించుకుని, పాలక్యాన్లు మోసే గాడిదలా తలవంచి ఎక్కేసింది. కింద నవ్వులు ఆగిపోయాయి.

వాళ్లు కిందికి దిగి వచ్చాక ప్లాచీ టోపీ తీశాడు. "పెద్దమ్మా, కావాలనే ఆపావా?"

"ఆగింది నా తెలివితక్కువ వల్ల. ఎక్కింది మామగారి బండికి మునిమనవరాలు కాబట్టి." కొత్త బండి తాళాలు తన కోటు జేబులో వేసుకుని దూరీ వైపు తిరిగింది. "ఒరేయ్, పాతదాన్ని తుక్కుకు పంపే ముందు ఆ లీవరు ఊడదీసి నీ షెడ్డు గుమ్మానికి కొట్టు. ఈ బండి వంశం ఎక్కడ మొదలైందో ఆ పట్నంవాడు కూడా వచ్చి చూసుకోవాలి."