ఏదో ఒకటి అనే కూర

"ఇవాళ ఏం వండమంటారు?"

రోజూ పొద్దున్నే ఆవిడ అడుగుతుంది. రోజూ ఇంట్లోవాళ్ళు చెప్పేది ఒకటే. "ఏదో ఒకటి చెయ్యి."

ఏదో ఒకటి! ఏ బజార్లో అమ్ముతారండీ దాన్ని? తొక్క తీసి వండాలా, తొక్కతోనే వండాలా? చెప్పిన మొగుడికీ తెలీదు, చెప్పిన అత్తగారికీ తెలీదు, చెవుల్లో వైర్లు పెట్టుకుని తలూపిన కూతురికి అసలే తెలీదు. అయినా సాయంత్రానికి ఆ ఏదో ఒకటి పళ్ళెంలోకి వచ్చి తీరాలి. నిన్నటిది కాకూడదు. అత్తగారి పళ్ళకి మెత్తగా ఉండాలి, కూతురికి నూనె తేలకూడదు, మొగుడికి మర్నాడు డబ్బాలోకి మిగలాలి. ఇవన్నీ బుర్రలో తిప్పుకుంటూనే ఆవిడ బస్సెక్కుతుంది.

వంటంటే గరిటె తిప్పడమే అనుకునేవాళ్ళు ఒక్కసారి ఆ బుర్రలోకి తొంగిచూడాలి. గరిటె పని కాసేపే. బుర్ర పని నిద్ర లేచిన దగ్గర్నుంచి కళ్ళు మూతలు పడేదాకా. దానికి పేరు లేదు. పేరు లేదు కాబట్టి అది పనే కాదని అందరూ ఒప్పేసుకున్నారు, ఆవిడతో సహా.

ఆవిడ ఉద్యోగం ఒక పెద్ద లాండ్రీలో, మడత సెక్షన్లో. హోటళ్ళ దుప్పట్లన్నీ అక్కడికే వస్తాయి. అటు చివర ఒకరు, ఇటు చివర ఒకరు పట్టుకుని, దులిపి, ఎదురెదురుగా నడిచొచ్చి అంచులు కలిపి, మళ్ళీ వెనక్కి. ఆవిడకి జోడీగా మడత పెట్టే మనిషిని అందరూ సైరన్ అంటారు. ఆమె గుసగుసలాడినా అవతలి హాల్లో వినిపిస్తుంది.

ఆ హాలంతా ఆవిరి. పైన వెంటిలేటర్ కిటికీలు లేక కాదు. దుప్పట్ల మీద దుమ్ము పడుతుందని యాజమాన్యం వాటికి మేకులు కొట్టించింది. దుప్పటికి దుమ్ము అంటకూడదు, మనిషి ఉడికిపోతే ఫర్వాలేదు! కిందటి వారం ఒకామె కళ్ళు తిరిగి దుప్పట్ల కుప్ప మీదే పడిపోయింది. దాంతో సెక్షనంతా పని ఆపేసి నిలబడింది. సరే, మీ తరఫున మాట్లాడటానికి ఒకరిని పంపండి అన్నాడు మేనేజరు. అందరూ ఈవిడ వైపే చూశారు. గట్టిగా అరవదు గానీ, అడిగినదానికి జవాబు వచ్చేదాకా కదలదని పేరు.

"నావల్ల కాదే," అంది ఆవిడ దుప్పటి దులుపుతూ. "మీటింగులన్నీ సాయంత్రం పూట. ఇంట్లో వంట?"

"ఏం, మీ ఆయనకి చేతుల్లేవా?" అంది సైరన్.

"ఉన్నాయి. బాగానే వండుతాడు కూడా. ఏం వండాలో చెప్తే."

"మీ అత్తగారు?"

"ఆవిడా చేస్తుంది. చెప్తే."

"పోనీ అమ్మాయి?"

"చెప్తే చేస్తుంది."

సైరన్ దుప్పటి అంచు వదిలేసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "అంటే మీ ఇంట్లో ముగ్గురు వంటవాళ్ళు, అందరికీ కలిపి ఒక్క బుర్ర! అదీ నువ్వు రోజూ ఇక్కడికి మోసుకొస్తావు, మళ్ళీ మోసుకుపోతావు. రేపు మీటింగుకి రా అక్కా. ఒక్క పూట వాళ్ళ బుర్రలు వాళ్ళు వాడుకుంటారు."

"పస్తులుంటారే."

"ఉండనీ. ఒక్క పూట పస్తుంటే ఎవరికీ ఏమీ కాదు. మనం ఇక్కడ రోజూ ఉడుకుతున్నాం."

ఆ మాట తగిలింది. అందరి తరఫున మాట్లాడే ఆ పని ఆవిడకి కావాలి. ఎంత కావాలో ఎవరితోనూ అనలేదు, అంతే. మేకులు కొట్టిన ఆ కిటికీల గురించి మేనేజరు మొహమ్మీద ఏమనాలో బస్సులో కూర్చుని నోట్లోనే అనుకునేది. మధ్యలో బంగాళాదుంపలు అయిపోయాయన్న సంగతి గుర్తొచ్చి ఆ మాటలన్నీ చెదిరిపోయేవి.

ఆ సాయంత్రం అందరూ అన్నాలు తింటుంటే చెప్పేసింది. "రేపు మీటింగు. మా సెక్షన్ తరఫున మాట్లాడటానికి నేనుంటానో లేదో అక్కడే చెప్పాలి. నాకు ఉండాలనే ఉంది. కానీ మీటింగు మధ్యలో ఇంటి నుంచి ఫోనొచ్చిందా, అక్కడికక్కడే నావల్ల కాదని చెప్పేసి వచ్చేస్తా. అక్కడ కూర్చుని ఇక్కడ వంట చెయ్యడం నాకు చేతకాదు."

మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మంచివాడే. ఛాతీ విరుచుకున్నాడు. "ఫోన్ ఎందుకు చేస్తామే? మేం చూసుకోమా?"

"ఏం వండుతారు?"

"ఏదో ఒకటి."

ఆవిడ చూసిన చూపుకి అత్తగారు కూడా పళ్ళెంలోకి తలదించేసుకుంది.

మర్నాడు ఆ ముగ్గురిలో ప్రతి ఒక్కరికీ ఒకటే పట్టుదల. ఆవిడ ఆ మీటింగు కుర్చీలో కూర్చోవాలి, మనవల్ల చెడిపోకూడదు. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ ఇంట్లో ఎవరి మాటైనా ఆవిడ మీదుగానే ఇంకొకరికి చేరేది. నాన్న లేటుగా వస్తాడని నానమ్మకి తెలియాలంటే ఆవిడ చెప్పాలి. కూతురికి పరీక్షలని నాన్నకి తెలియాలంటే ఆవిడే చెప్పాలి. ఆవిడ పక్కకి తప్పుకుంది. ముగ్గురూ ఎవరికి వాళ్ళు మనసులోనే నిర్ణయాలు తీసుకుని, ఎవరికి వాళ్ళే సంచీ పట్టుకుని బయల్దేరారు.

ముందు అత్తగారు. మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగి, వీధిలో తోపుడుబండి దగ్గర బేరమాడి, ఒక క్యాబేజీ తెచ్చి వంటగట్టు మీద పెట్టింది. గొప్ప పని చేసినట్టు దానికెదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది.

తర్వాత ఆమె కొడుకు వచ్చాడు. చేతుల నిండా గ్రీజు, చంకలో క్యాబేజీ.

ఆ వెనకే మనవరాలు. కాలేజీ పక్క సూపర్ మార్కెట్ సంచీ. అందులో ప్లాస్టిక్ కాయితం చుట్టిన క్యాబేజీ.

గట్టు మీద మూడు క్యాబేజీలు వరసగా కూర్చుని వీళ్ళనే చూస్తున్నాయి.

"మంచినీళ్ళు తాగుతాను," అని కూతురు ఫ్రిజ్ తీసి, కింద అర లాగింది. ఆ అర అమ్మ తప్ప ఎవరూ ముట్టరు. అందులో ఇంకో క్యాబేజీ.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది," అంది అత్తగారు కొడుకుతో. "నువ్వెందుకు తెచ్చావురా?"

"నీకోసమేనమ్మా! నీకిష్టం కదా, పళ్ళకి మెత్తగా ఉంటుందని."

"నాకా? తిన్నప్పుడల్లా కడుపుబ్బి డోలవుతుంది నాకు! నీకిష్టమని తెచ్చాను నేను. అది వండిన రోజు రెండోసారి కూడా వడ్డించుకుంటావుగా?"

"గిన్నె ఖాళీ అయిపోతే మర్నాడు డబ్బాలోకి రాదని వడ్డించుకుంటానమ్మా! లిఫ్టులో ఆ డబ్బా మూత తీశానా, నాతో పనిచేసేవాడు మెట్లెక్కి వెళ్ళిపోతున్నాడు."

కూతురు నవ్వాపుకోలేక ఫ్రిజ్ తలుపు పట్టుకుంది. "నేను మీ ఇద్దరికీ ఇష్టమని తెచ్చాను. నేనైతే నమలను. పెరుగులో కలిపి మింగేస్తాను, మాత్రలాగ."

"మరి ఎవరికే ఇష్టం ఇది?" అన్నాడు నాన్న.

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. అత్తగారి మొహం మెల్లగా మెత్తబడింది. "ఇంకెవరికిరా. కోడలికే. అడిగినప్పుడల్లా మనం ఏదో ఒకటి అంటాం. పాపం, తనకిష్టమైంది వండుకుంటోంది. తను నోరు తెరిచి ఎప్పుడైనా చెప్పిందా?"

"మనం అడిగితేగా చెప్పడానికి," అంది మనవరాలు. ఆ మాటకి ఇద్దరు పెద్దవాళ్ళూ ముడుచుకుపోయారు.

అయిపోయింది. ఇక చూడాలి ఆ వంటింటి హడావిడి! నాలుగు క్యాబేజీలూ ఆవిడకే. ఎప్పుడూ తిననంత బాగా వండిపెట్టాలని శపథం. కొడుకు కొలబద్ద పెట్టినట్టు చతురస్రాలుగా కోస్తున్నాడు. "అవేమైనా లిఫ్టు బటన్లట్రా? సన్నగా తరగరా!" అని తల్లి. "సన్నగా తరిగితే ముద్దయిపోతుంది నానమ్మా!" అని మనవరాలు. తీరా మూకుడు పొయ్యి మీద పెట్టాక తెలిసింది, నూనె సీసా అడుగంటిందని. ముగ్గురూ బజారుకెళ్ళారు, మూడు క్యాబేజీలు తెచ్చారు, నూనె మాత్రం ఒక్కరికీ తట్టలేదు. కూతురు చెప్పులేసుకుని పరిగెత్తింది.

ఈలోగా ఉప్పు. అలమర్లో అన్నీ ఒకేలాంటి డబ్బాలు. ఒక దాంట్లో పంచదార, ఒక దాంట్లో బట్టల సోడా, ఒక దాంట్లో పాత తాళాలు. కొడుకు చెయ్యి దానంతటదే జేబులోకి పోయి ఫోన్ తీసింది.

"ఏయ్!" అంది తల్లి.

"ఒక్క ముక్క అడుగుతానమ్మా. ఉప్పెక్కడని."

"ఇలా తే దాన్ని." ముసలావిడ ఫోన్ లాక్కుని స్టూలు మీద పెట్టి, దాని మీద కూర్చుంది. "ఇప్పుడు చెయ్యి ఫోన్. నాలిక లేదూ నీకు? ఒక్కో డబ్బా నాకి చూడు."

"సోడా కూడానా?"

"వేలు తడి చేసుకుని చూడరా, డబ్బాలో తల పెట్టమన్నానా!"

అక్కడ మీటింగు గదిలో ఆవిడ ఒళ్ళో ఫోన్ బోర్లించుకుని కూర్చుంది. మేనేజరు దుమ్ము గురించి చెప్తున్నాడు. ఆవిడ కళ్ళు ఫోన్ మీద. ఇప్పుడు మోగుతుంది, ఇదిగో ఇప్పుడు. గ్యాస్ కట్టేశారో లేదో. అత్తయ్య మందు వేసుకుందో లేదో.

"మీ బాధ మాకు తెలీదా అమ్మా," అంటున్నాడు మేనేజరు. "కానీ కిటికీ తెరిస్తే దుప్పట్లు మళ్ళీ ఉతకాలి."

"తెలీదు," అంది ఆవిడ.

గదిలో అందరూ తలెత్తారు.

"మీకు తెలీదు. తెలిస్తే ఈ మీటింగు ఇక్కడ ఏసీ గదిలో పెట్టరు, మా హాల్లో పెడతారు. రండి, ఇప్పుడే లేవండి. అక్కడ నిలబడి మీరొక బండిల్ మడత పెట్టండి. అప్పుడు మాట్లాడదాం దుమ్ము గురించి. కిటికీకి వల కొడితే దుమ్మూ రాదు, గాలీ ఆగదు. మేకు కొట్టడం తెలిసినవాళ్ళకి వల కొట్టడం రాదా?"

సైరన్ నవ్వు బయట వరండాలోంచి వినిపించింది. ఆవిడ ఆ తర్వాత చాలాసేపు మాట్లాడింది. మేనేజరు లేచి హాల్లోకి రాక తప్పలేదు. ఒక దుప్పటి మడత పెట్టేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. సోమవారానికల్లా వలలు కొట్టే మనిషిని పిలిపిస్తానన్నాడు. ఆ రోజు మళ్ళీ కూర్చుందాం, మీ తరఫున ఎవరొస్తారు అనడిగాడు.

"నేనే," అంది ఆవిడ. అనేశాక గుర్తొచ్చింది, మీటింగులో ఇంటి ఊసే మర్చిపోయానని. ఫోన్ ఎప్పుడు ఒళ్ళోంచి జారిందో, కుర్చీ కింద పడుంది.

ఇంటికొచ్చేసరికి మెట్ల దాకా క్యాబేజీ వాసన. పక్కింటివాళ్ళు తలుపు సందులో గుడ్డ కుక్కుకున్నారు. లోపల బల్ల మీద ఆవిడ కుర్చీ ఎదురుగా పెద్ద గిన్నె. మిగతా ముగ్గురి ముందూ రొట్టె ముక్కలు, అట్టు వేసిన గుడ్లు.

"ఏమైంది?" అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

"ఔనన్నాను."

కూతురు కేక పెట్టింది. మొగుడు గరిటెతోనే చప్పట్లు కొట్టబోయి చొక్కా మీద పోసుకున్నాడు. అత్తగారు కోడల్ని భుజం పట్టి కూర్చోబెట్టింది. "తిను. మొత్తం నీకే. మాకెవరికీ వద్దు. ఇన్నాళ్ళూ అడగలేదే అమ్మాయ్, నీకిది ఇంత ఇష్టమని మాకేం తెలుసు?"

ఆవిడ గిన్నెలోకి చూసింది. ముగ్గురి మొహాలూ చూసింది.

"నాకా?"

"నీకు కాదా?"

"అత్తయ్యా, మీ పళ్ళకి మెత్తగా ఉంటుందని వండుతున్నాను. ఈయన రెండోసారి వడ్డించుకుంటాడని వండుతున్నాను. ఇదొక్కటే అమ్మాయి వంక పెట్టకుండా మింగుతుందని వండుతున్నాను. నాకు దీన్ని చూస్తేనే చిరాకు!"

ముందు కూతురు పగలబడింది. తర్వాత ఆవిడ. అత్తగారు కొంగు నోట్లో పెట్టుకుని ఊగిపోయింది. మొగుడు ఆ గిన్నె వైపు చూసి, "పెళ్ళయిన దగ్గర్నుంచీ తింటున్నానే దీన్ని!" అన్నాడు, దోపిడీ జరిగినవాడిలాగ.

దోపిడీయే. ఎవరో బయటివాడు వచ్చి చేసింది కాదు. నోరు విప్పి నాకిది కావాలి అనడం మొహమాటమని నలుగురూ నోరు మూసుకున్నారు. ఆ మొహమాటాల బరువంతా ఒక మనిషి నెత్తిన పెట్టి, దానికి సర్దుకుపోవడం అని పేరు పెట్టుకున్నారు. ఎవరికీ అక్కర్లేని కూరని ఇంటిల్లిపాదీ ఇన్నాళ్ళూ ప్రేమగా తిన్నారు. ఇంతకన్నా దండగ పని ఇంకోటి ఉంటుందా?

సోమవారం ఆవిడకి షిఫ్టు సెలవు. మీటింగుకి బయల్దేరుతుంటే వంటింట్లో యుద్ధం నడుస్తోంది. అత్తగారికి బంగాళాదుంపల వేపుడు కావాలట, బాగా ఎర్రగా. "పళ్ళ సంగతి నేను చూసుకుంటాను, నువ్వు వేపరా!" కూతురికి చేప కావాలట. "చేప తేవడం నా పని, కడగడం మాత్రం నాన్న పని, ముందే చెప్తున్నా." మొగుడికి గుడ్లు కావాలట, ఎవరేమన్నా సరే. మూడు గొంతులూ వీధి దాకా వినిపిస్తున్నాయి.

ఆవిడ గుమ్మంలో చెప్పులేసుకుంటూ ఒక్కసారి లోపలికి చూసింది. కడిగిన బంగాళాదుంప ముక్కల్ని తుడవకుండానే మొగుడు కాగే నూనెలో వెయ్యబోతున్నాడు. చిటపటలాడి మొహమ్మీదికి చిందుతుంది. ఆవిడ నోరు తెరిచింది.

మూసుకుంది. తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగింది. వెనకాల నూనె చిటపటలు, మొగుడి కెవ్వుకేక, "చెప్పానా, తుడవమని!" అని అత్తగారి అరుపు. ఆవిడ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఇవాళ మేనేజరు మొహమ్మీద ఏమనాలో మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా, ఎక్కడా చెదరకుండా, నోట్లోనే అనుకుంటూ వెళ్ళింది.