వాగు మీద తలుపులు

మిషనమ్మకు కుట్టుపని తప్ప వేరే ధ్యాస లేదని ఊళ్ళో అనుకునేవారు గానీ, ఆవిడ ప్రాణమంతా వాగవతల ఉన్న అక్క మీదే ఉండేది. ఇవతల చెల్లెలి ఇల్లు, అవతల అక్క ఇల్లు, మధ్యలో నలభై అడుగులు కూడా లేని వాగు. ఎండాకాలమైతే రాళ్ళ మీద కాలు పెట్టి దాటేయవచ్చు. వానలు పడితే మూడు నెలలు ఎవరి గట్టున వాళ్ళే. అయినా ఇన్నేళ్ళలో వాళ్ళు మాట మానింది లేదు. పొద్దున్నే చెరో గట్టున నిలబడి గొంతు చించుకుని కబుర్లాడుకునేవారు. ఏ కోడలు ఏమందో ఆ వాగుకు కంఠతా వచ్చు.

పోయిన ఏడాది అక్కకు చెవులు పూర్తిగా పోయాయి. ఇప్పుడు ఎదురుగా కూర్చుని, పెదాలు కనబడేలా మెల్లగా చెబితేనే ఆవిడకు అర్థమవుతుంది. ఇక గట్టు మీద నిలబడి ఎంత అరిచి ఏం లాభం? వానలు చూస్తే నాలుగు నెలల్లో వచ్చేస్తాయి.

అందుకే ఊళ్ళల్లో చిన్న చిన్న పనులకు ఎవరో గ్రాంటు ఇస్తున్నారని విన్ననాడే మిషనమ్మ కుడుతున్న లంగా సూది కిందే వదిలేసి పంతులమ్మ ఇంటికి వెళ్ళింది. నడిచే వంతెన ఒకటి అడుగుదామంది. సాయంత్రానికి నలుగురూ బడి వరండాలో చేరారు. పంతులమ్మ ఫారం ముందేసుకుని చదివింది.

"మీ ఊరికి ఉన్న ఇబ్బంది ఏమిటి అని అడుగుతున్నారు."

మిషనమ్మ మరిది వడ్రంగి, చెవి మీది పెన్సిలు తీసి నేలకేసి కొట్టాడు. "ముక్కూ మొహం తెలియని వాళ్ళకి మన లోటు చెప్పుకుంటామా? మాకే ఇబ్బందీ లేదని రాయమ్మా!"

"లేకపోతే వంతెన ఎందుకంటారు బాబాయ్?"

"ఊరికి అందంగా ఉంటుందని రాయి. పరువుగా ఉంటుంది."

అందరూ తలలూపారు. మిషనమ్మకు అక్క సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. నలుగురిలో ఇంటి గోడు వెళ్ళబోసుకోవడానికి మొహం చెల్లక మింగేసింది.

ఆ రాత తిరిగి రాకుండా గ్రాంటు ఆఫీసులో ఎలా నిలబడిందో గానీ, నెల తిరక్కముందే కబురు వచ్చింది, చోటు చూడడానికి ఒకావిడ వస్తోందని. ఊరంతా ఒకటే హడావిడి. వచ్చే మనిషి చెప్పులు తడిస్తే ఎంత అప్రదిష్ట! వడ్రంగి మరిది తన వీధి తలుపు ఊడదీసుకొచ్చి వాగులో రాళ్ళ మీద పరిచాడు. చాలకపోతే ఇంకో ఐదిళ్ళ తలుపులు తెచ్చాడు. మిషనమ్మ తలుపూ వాటిలో ఉంది. కింద చెక్కలు దన్ను పెట్టి, మేకులు బిగించి, పైన దుప్పటి కూడా కప్పాడు.

ఆఫీసావిడ వచ్చింది. గట్టు నుంచి గట్టుకు టకటకా నడిచి వెనక్కి వచ్చింది. ఎక్కడా కాలు జారలేదు.

"దారి శుభ్రంగా ఉందే! అసలు దాటే దిక్కే లేని ఊళ్ళు ఎన్నో ఉన్నాయండీ. ముందు వాళ్ళకి చూడాలిగా" అని నవ్వుతూ పుస్తకం మూసింది.

మరిది కూడా మర్యాదగా నవ్వాడు. ఆవిడ బండెక్కితే ఇక ఈ వానలకు అక్క మొహం దూరం నుంచి చూడడమే. మిషనమ్మ ఇంకేం ఆలోచించలేదు. వాగులోకి దిగి, దుప్పటి లాగేసి, మొదటి తలుపు పట్టుకుని ఊపింది.

"వదినా! ఏమిటా పని? ఊరి పరువు!"

"నీ పరువు నీ గుమ్మానికి తగిలించుకో మరిదీ, తలుపు ఎటూ లేదుగా! ఇది నా ఇంటిదండీ మేడమ్. చూడండి, గడియ కూడా దీనికే ఉంది. నిన్న కుక్క లోపలికొచ్చి నా మిషను కింద పడుకుంది."

ఆఫీసావిడ వెనక్కి తిరిగి వీధి చూసింది. వరసగా ఆరు గుమ్మాలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఆవిడ పెదవి బిగబట్టింది గానీ నవ్వు ఆగలేదు.

"మరి ఫారంలో ఇబ్బందేమీ లేదన్నారు?"

"అబద్ధమండీ. అదుగో, ఆ గట్టు మీద బుట్ట పట్టుకుని నిలబడింది మా అక్క. చెవులు వినపడవు. వానల్లో నేను ఇక్కడ చచ్చానని అరిచినా, పిలుస్తున్నాననుకుని చెయ్యి ఊపుతుంది."

ఆఫీసావిడ చెప్పులు విడిచి వాగులోకి దిగింది. ఆ నీళ్ళలోనే నిలబడి పుస్తకం తెరిచింది.

"ఎంతమందికి ఉపయోగమని రాయమంటారు?"

"ఇద్దరికండీ."

"నూట ఎనభై గడపలు వదినా!" అని మరిది లబలబలాడాడు.

"వాళ్ళూ నడుస్తార్లే, నేనేమన్నా వద్దన్నానా?"

గ్రాంటు వచ్చింది. కట్టే కూలిపని మాత్రం ఊరివాళ్ళదే. గొణుక్కుంటూనే అందరికంటే ఎక్కువ రోజులు చేసింది మరిదే. కమ్మీలు కూడా తనే దగ్గరుండి బిగించాడు.

వాగు నిండుగా పారుతున్న ఒక పొద్దున భుజాన దూలం పెట్టుకుని ఆయన వంతెనెక్కాడు. మధ్యలో అక్కాచెల్లెళ్ళిద్దరూ ఎదురెదురుగా పీటలేసుకుని కూర్చుని ఉన్నారు.

"వదినా, కాస్త దారివ్వండి. భుజం ఊడిపోతోంది!"

మిషనమ్మ అక్క పెదాల మీంచి చూపు తిప్పలేదు. "ఆగు మరిదీ. అక్క మాట మధ్యలో ఉంది."