అగ్నిమాపక దళం వారి నృత్యోత్సవం

జూలై పద్నాలుగు, సాయంత్రం ఏడు గంటలు. చౌరస్తాలో కట్టిన మూడు రంగుల కాగితపు దీపాలను ఇంకా వెలిగించలేదు. రాజరికాన్ని కూల్చిన విప్లవాన్ని తలచుకునే ఈ జాతీయ పండుగకు ఏటా నృత్యోత్సవం జరిపేది మా ఊరి అగ్నిమాపక దళమే. అందరూ స్వచ్ఛంద సేవకులు: రొట్టెలు కాల్చేవాడు, మేస్త్రీ, రైతులు. మధ్యాహ్నం నుంచి బల్లల వెనక నిలబడి జనానికి వైన్ పోస్తున్నారు, పోసిన ప్రతిసారీ తామూ ఒక గుక్క పుచ్చుకుంటున్నారు.

చీకటి పడ్డాక ఆటస్థలంలో బాణసంచా కాల్చాలి. కంచె అవతల కోత కాని గోధుమ చేను, దాని చివర ఇల్లు. రెండూ నా మేనల్లుడు బస్తియాఁవి. ఆరు వారాలుగా వాన లేదు. గాలి చేను వైపే వీస్తోంది.

ముప్ఫై నాలుగేళ్లు ఈ ఊరి బడిలో చరిత్ర చెప్పాను. తెలిసి నోరు మూసుకోవడం ఆ చరిత్ర నాకు నేర్పలేదు.

మేయర్ బాణసంచా అనుమతి పత్రం పట్టుకొని నిలబడ్డాడు. దళం సిద్ధంగా ఉందని కెప్టెన్ లూక్ అందులో సంతకం చేయాలి. లూక్ నా పాత విద్యార్థి.

"తాగనివాళ్లు ఎంతమంది, లూక్?"

"ఇదేం పరీక్ష మేడమ్? మేమే తాగకపోతే వైన్ బాగాలేదనుకోరూ?"

"మేడమ్, ఏటా కాలుస్తున్నాం, ఏదీ అంటుకోలేదు," అన్నాడు మేయర్. "మీ మేనల్లుడి గడ్డి కోసం రిపబ్లిక్‌ను రద్దు చేయమంటారా?"

"గడ్డి కాదు, గోధుమ. రద్దు చేయాల్సింది రాకెట్లను. మంటలార్పే బండికి ఆరుగురు కావాలి లూక్, లెక్కపెట్టు."

లూక్ వెనక్కి చూశాడు. రెండు వేళ్లు మడిచి ఆగిపోయాడు. అతని నవ్వు పోయింది.

దళంలో ఆ బండి తోలే లైసెన్సు ఒక్క బస్తియాఁకే ఉంది. అతని చేతిలో గ్లాసు ఉంది.

"అత్తా, నలుగురిలో పరువు తీయకు," అన్నాడు.

"చేను నీది. ఇల్లు నీది. అంటుకుంటే బండి తోలాల్సిందీ నువ్వే. తోలగలవా?"

నృత్యానికి వాయిస్తున్న అకార్డియన్ వాద్యం ఆగింది. బస్తియాఁ గ్లాసు వైపు చూశాడు.

"లేను."

"సంతకం పెట్టు లూక్, ఏమీ కాదు," అన్నాడు మేయర్.

"పెట్టను సర్." లూక్ కలం జేబులో పెట్టుకున్నాడు.

బాణసంచా రద్దయిందని మైకులో ప్రకటన రాగానే ఈలలు లేచాయి. "ఈ ముసల్దాన్ని పేల్చండ్రా, ఇంకా బాగా మోగుతుంది!" అని ఎవడో అరిచాడు. చౌరస్తా అంతా నవ్వింది. నేను కూర్చున్న బెంచీ మీద నుంచి ఇద్దరు లేచి వెళ్లిపోయారు.

పదహారున చేను కోశారు. బస్తియాఁ నాతో మాట్లాడడం మానేశాడు. గింజ మాత్రం బాగా పండిందని విన్నాను.