గాలి దూరని కారు

"అర అంగుళం ఎక్కువ వదిలావు, ఐలా," అన్నాడు మా ఆయన వెర్లిన్, వంటింటి బల్ల మీద నేను ప్లాస్టిక్ అట్ట కోస్తుంటే. ఎన్నికలయ్యాక ఇళ్ల ముందు మిగిలిపోయే ప్రచారపు అట్టలవి. తేలిగ్గా ఉంటాయి, తడిసినా చెడవు. వాటితో కారు ముందున్న గ్రిల్ సందులన్నీ మూసేస్తే గాలి లోపలికి దూరి కారును వెనక్కి పట్టదనీ, ఇంజన్ త్వరగా వేడెక్కుతుందనీ, గ్యాలన్‌కు మూడు నాలుగు మైళ్లు ఎక్కువ వస్తాయనీ అతని నమ్మకం. నమ్మకం తప్పేం కాదు. మా ఊరు క్లోకేలో చలికాలమంతా లారీలు కూడా ముందుభాగం కప్పుకునే తిరుగుతాయి. కానీ కాగితం మిల్లులో రిటైరయ్యాక వెర్లిన్‌కి అదొక్కటే లోకమైపోయింది. ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్లందరికీ ఇంటర్నెట్‌లో ఒక గుంపుంది. అందులో ఇతని మాటకి విలువ. వేళ్లు కీళ్లవాతంతో వంకరపోయాయి కాబట్టి కోసేది నేను, గడ్డకట్టే చలిలో కారు ముందు మోకాళ్ల మీద కూర్చుని పట్టీలు బిగించేది నేను. స్కూలు వంటశాలలో మూడు వందల మంది పిల్లలకి వండి, గిన్నెలు కడిగి వచ్చాక చేసే పని ఇది. అతను పెట్టిన ఒక ఫొటోలో నా చేతులు పడ్డాయి. అవెవరివని ఎవరో అడిగితే, "పనికి ఒక మనిషుందిలే" అని రాసి పక్కన నవ్వే బొమ్మ పెట్టాడు. చదివి నేనూ నవ్వాను. ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో నవ్వేయడం బాగా అలవాటైంది. నేను నడిపితే మైలేజీ సగటు పడిపోతుందని ఒకసారి అన్నాడు. ఆ తర్వాత ఆరేళ్లుగా స్కూలుకి నడిచే వెళ్తున్నాను.

ఏప్రిల్‌లో ఒక శనివారం పొద్దున, గంటన్నర దూరంలో సరస్సు ఒడ్డునున్న సిల్వర్ బే నుంచి ఫోన్ వచ్చింది. మా అమ్మ హెల్మి అక్కడి వృద్ధుల ఆశ్రమంలో రెండేళ్లుగా ఉంటోంది. అన్నయ్య ఆర్వో ఆ ఊళ్లోనే ఉంటాడు గానీ, సరస్సు మీద మంచు కరిగి ఓడలు కదలగానే అతను ఖనిజం మోసే ఓడ మీద పనికి వెళ్లిపోయాడు. ఫోన్ చేసింది నర్సు కారీ. "ఆవిడ ఊపిరి తీరు మారిందండీ. చూడాలనుకుంటే ఇప్పుడే బయల్దేరండి," అంది.

ఆ ఏడాదికి అదే మొదటి వెచ్చని రోజు. చూరుల నుంచి మంచు నీళ్లు ధారగా కారుతున్నాయి. ఇంత ఎండలో అట్టలు ఉంచకూడదని వెర్లినే ఎన్నోసార్లు చెప్పాడు. తీసేస్తాను, ఐదు నిమిషాల పని అన్నాను. "ఐదు నిమిషాలు కూడా లేవన్నావు కదా," అన్నాడు. ఆ నెల సగటు గ్యాలన్‌కు అరవై మైళ్లు దాటబోతోందని కారు ఎక్కాక చెప్పాడు.

డులూత్ ఊరు దాటాక కూడా గంటకు యాభై మైళ్లు మించనివ్వలేదు. వెనకవాళ్లు హారన్ కొట్టి దాటిపోతున్నారు. టూ హార్బర్స్ అనే ఊరి తర్వాత దుంగల లారీ ఒకటి కనబడితే దాని వెనకే అంటుకున్నాడు, దాని చాటున గాలి తక్కువని. కొంచెం వేగంగా వెళ్దాం అని ఒక్కసారే అడిగాను.

"పది నిమిషాలు ముందెళ్తే ఆవిడకి పదేళ్లు ఆయుష్షొస్తుందా?"

కొండ ఎక్కుతుంటే వేడి చూపించే సూది పైకి పాకుతోంది. చెప్పాను. సూది సంగతి తను చూసుకుంటానన్నాడు. ఇంకో మైలు కూడా వెళ్లలేదు, ముందు నుంచి తెల్లగా ఆవిరి లేచింది. కారు పక్కకి తీసి ఆపాడు. నేను దిగి పట్టీలు తెంపి, ముట్టుకుంటే కాలే అట్టలు చేత్తోనే లాగేశాను. వెనక్కి తిరిగి చూస్తే అతను ఫొటో తీస్తున్నాడు.

ఇప్పుడు రాసేది ఎవరికీ చెప్పలేదు. ఒకామె కారాపి, ఎక్కడికి వెళ్లాలి, దింపుతాను రమ్మంది. వెర్లిన్ నాకంటే ముందే, అక్కర్లేదండీ, చల్లారగానే వెళ్లిపోతాం అన్నాడు. ఆమె నా మొహం వైపు చూసింది. అమ్మ పోతోంది, నన్ను తీసుకెళ్లండి అనాలి. అంతే అనాలి. అలా అంటే బయటి మనిషి ముందు అతని మాట కొట్టేసినట్టవుతుందనీ, ఇంటికెళ్లాక వారం రోజులు మూతి ముడుచుకుంటాడనీ నా మనసు ఆ క్షణంలో కూడా లెక్కవేసింది. అవునండీ, థాంక్స్ అన్నాను. ఆమె వెళ్లిపోయింది. అతన్ని తలచుకుంటే కోపం వస్తుంది గానీ, ఆ థాంక్స్ తలచుకుంటే ఊపిరాడదు.

మేం చేరేసరికి అమ్మ పోయి నలభై నిమిషాలైంది. అరచెయ్యి ఇంకా పూర్తిగా చల్లబడలేదు.

అంత్యక్రియలయ్యాక చర్చి కింది హాల్లో భోజనాలు. నేను కాఫీ పోస్తూ తిరుగుతున్నాను. ఎందుకు ఆలస్యమైందని, ఓడ దిగి వచ్చిన ఆర్వో అడిగితే వెర్లిన్ చెబుతున్నాడు: "ఐలా అట్ట మరీ బిగుతుగా కోసింది. గాలి అసలు ఆడలేదు." అతని కప్పు కూడా నింపి పక్క బల్లకి వెళ్లాను. ఆ వారంలోనే గుంపులో పెద్ద వ్యాసం రాశాడు, వేసవికి ముందు అట్టలు ఎప్పుడు తీయాలో, ఇంజన్‌కి ఏం నష్టం జరిగిందో. రెండొందల మంది సానుభూతి చూపారు. అంతా ఇంజన్ మీదే. ఆ రోజు మేమెక్కడికి వెళ్తున్నామో అందులో ఎక్కడా లేదు.

తర్వాతి శనివారం ఆర్వో వచ్చి నన్ను సిల్వర్ బేకి తీసుకెళ్లాడు, అమ్మ సామాను సర్దడానికి. కారీ తలుపు దగ్గర నిలబడింది. చెప్పాలో వద్దో తెలియక వారంగా నలుగుతున్నానంది. చెప్పమన్నాను.

"చివర్లో కాస్త తెలివిలోనే ఉన్నారండీ. 'ఐలా బయల్దేరిందా?' అన్నారు. బయల్దేరారన్నాను. 'కారెవరు నడుపుతున్నారు?' అన్నారు. మీ అల్లుడుగారే అయ్యుంటారన్నాను." కారీ ఆగింది. "'అయితే అది వేళకి చేరదులే' అని కళ్లు మూసుకున్నారు."

అమ్మ స్వెటర్ ఒకటి సగం మడతపెట్టి ఉంది నా చేతిలో. దాన్ని పూర్తిగా మడిచి పెట్టెలో పెట్టాను. నా కాపురం సంగతి నాకు తప్ప అందరికీ తెలుసన్నమాట.

పెట్టెలు కారులో సర్దాక, చీకటి పడేలోపు క్లోకేలో దింపేస్తా పద అన్నాడు ఆర్వో. అక్కర్లేదన్నాను. సోమవారం ఈ ఊరి స్కూలు వంటశాలలో మనిషి కావాలేమో కనుక్కుంటాను, సొంతంగా ఒక గది చూసుకునేదాకా నీ ఇంట్లో ఉంటానన్నాను.