అర గోలి

గురువారం పొద్దున పదకొండు గంటలకు సదానందం వంటింటి గడప దగ్గర ఒళ్ళంతా చెమటలు పట్టి కూలబడ్డాడు. చేతులు వణుకుతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. భార్య మల్లక్క గ్లాసెడు నీళ్ళలో నాలుగు చెంచాల చక్కెర కలిపి బలవంతాన తాగించి, పక్కింటివాళ్ళ ఆటోలో మంచిర్యాల ఆసుపత్రికి తీసుకుపోయింది. కూతురు దీపిక కాలేజీ నుంచి ఉరికొచ్చేసరికి ఆయన మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు.

డాక్టరమ్మ ఒక్కటే అడిగింది. "షుగర్ గోలి సగమే ఏసుకోవాలె కదా. నిండు గోలి ఎందుకు ఏసుకున్నరు?"

"సగమని నాకెవ్వలు చెప్పలే," అన్నాడు సదానందం. "ఫోన్ల ఉన్నట్టే ఏసుకున్న. మూడు రోజుల సంది."

ఫోన్‌లో రాసింది దీపికే.

సదానందం ఇరవై ఆరేళ్ళు బొగ్గు గనిలో పనిచేసినవాడు. షుగర్ ముదిరి నాలుగేళ్ళ కింద చూపు పోయింది. మొదట్లో ఎవరైనా చెయ్యి పట్టుకుంటేనే కదిలేవాడు. తర్వాత దీపిక ఆయన ఫోన్‌లో 'మాటతోడు' అనే సాఫ్ట్‌వేర్ వేసింది. తెర మీద ఏ అక్షరాలుంటే వాటిని తెలుగులో చదివి వినిపిస్తుంది. దాన్ని ఏ కంపెనీ అమ్మలేదు. ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళు తీరిక వేళల్లో తలా ఒక ముక్క రాసి నిలబెట్టారు. దాని కోడ్ అందరికీ కనిపించేలా పెట్టారు. ఎవరైనా చూడొచ్చు, సరిదిద్ది పంపొచ్చు. అది వచ్చినప్పటి నుంచి సదానందం మెసేజీలు తనే వింటాడు, మందుల పట్టీ విని గోలీలు తనే వేసుకుంటాడు.

సోమవారం రక్తపరీక్ష రిపోర్టు తేవడానికి దీపిక ఆసుపత్రికి పోయినప్పుడు డాక్టరమ్మ ఆ గోలి సగానికి తగ్గించింది. దీపిక అక్కడే నిలబడి, తన ఫోన్‌లో పట్టీ మార్చి బాపుకు పంపింది. తను పనిచేసే కాలేజీలో ల్యాబు పరీక్షలు. ఇంటికి ఫోన్ చేసి, "మందులు మార్చిన్రు బాపు, పట్టీ పంపిన, విను," అని మాత్రం చెప్పి పనిలో పడిపోయింది.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక దీపిక ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని పట్టీ వినిపించింది. తెర మీద 'పొద్దున ½ గోలి' అని ఉంది. ఫోన్ "పొద్దున గోలి" అంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ "పొద్దున గోలి" అంది. అర గుర్తు దగ్గర దానికి నోరు లేదు. అంతకు ముందు ఒక గోలి వేసుకునే మనిషి 'గోలి' అని వింటే ఒకటే వేసుకుంటాడు మరి.

"తప్పు నాది బాపు," అంది దీపిక.

"నీదెట్లయితది? నువ్వు సక్కగనే రాసినవ్. అది సదువలే."

మల్లక్క మాత్రం గోలీల డబ్బా తీసుకుపోయి తన బీరువాలో పెట్టింది. "ఇగ ఫోన్ లేదు, ఏం లేదు. గోలీలు నేనే ఇస్త," అంది. ఆ వారమంతా ఆమె ఇల్లు కదల్లేదు. సుల్తానాబాద్‌లో చెల్లెలి మనవరాలికి వచ్చే శనివారం పేరు పెడుతున్నారని పిలుపొస్తే రానని చెప్పేసింది. సదానందం గోలి కోసం చెయ్యి చాపినప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకునేవాడు.

దీపిక పట్టీలో గుర్తు తీసేసి 'అర గోలి' అని అక్షరాల్లో రాసింది. పని అయిపోయిందనుకుంది. సదానందం అన్నాడు:

"నాకంటే నువ్వు రాసిస్తివి. లక్సెట్టిపేట యాదవ్వకు ఎవలు రాసిస్తరు? మా గ్రూపుల నలబై మంది ఉన్నరు బిడ్డా, అందరు గిదే ఇంటున్నరు."

చూపు లేనివాళ్ళ గ్రూపు అది. యాదవ్వ అందులో రోజూ వాయిస్ మెసేజీలు పెట్టే మనిషి. ఆమెకూ షుగరే.

దీపిక కరీంనగర్‌లో ఎంసీఏ చదివింది. ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటూ పిల్లల ప్రోగ్రాములు దిద్దుతుంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు రాసిన కోడ్‌లో ఎన్నడూ వేలు పెట్టలేదు. ఆ సాయంత్రం మాటతోడు కోడ్ తెరిచి, అంకెలను మాటలుగా మార్చే ఫైలు వెతికి పట్టుకుంది. గుర్తుల జాబితాలో శాతం ఉంది, రూపాయి ఉంది. అర, పావు, ముప్పావు లేవు. వాటిని చేర్చింది. చాలామంది అరను 1/2 అని గీత పెట్టి రాస్తారు కదా అని, అలా రాసినా 'అర' అని చదివేలా ఇంకో అయిదు లైన్లు రాసింది. మొత్తం పదకొండు లైన్లు. రెండుసార్లు చూసుకుని, బాపుకు జరిగింది కూడా రాసి పంపింది.

మర్నాడు జవాబొచ్చింది. రాసింది కొమురెల్లి అనే ఆయన. ఎవరు ఏది పంపినా ఆయన చూసి ఒప్పుకున్నాకే అసలు కోడ్‌లో కలుస్తుంది.

'దీపిక గారూ, చాలా అవసరమైన మార్పు, ధన్యవాదాలు. దీనికి పరీక్షలు కూడా రాసి పంపగలరా? అవి లేకుండా కలపలేను.'

దీపికకు చురుక్కుమంది. మనిషి ప్రాణం మీదికి వచ్చిన సంగతి వివరంగా రాస్తే పరీక్షలంటాడేమిటి? అయినా రాసింది. ఫలానా వాక్యం ఇస్తే ఫలానా మాటలే రావాలి, రాకపోతే తప్పు అని కంప్యూటరుకు ముందే చెప్పిపెట్టడమే పరీక్ష. ½ ఇస్తే 'అర', 1½ ఇస్తే 'ఒకటిన్నర', 1/2 ఇస్తే 'అర'. మూడు రాసి పంపింది.

పంపగానే అవతలి కంప్యూటరు, అదివరకు అందరూ రాసిపెట్టిన పరీక్షలన్నిటినీ ఆ కొత్త కోడ్ మీద నడిపింది. అవి పద్నాలుగు వందలకు పైనే ఉన్నాయి. పది నిమిషాల తర్వాత తెర మీద ఎర్ర గుర్తు పడింది. ఒక పాత పరీక్ష తప్పింది. 'ఇంటి నంబరు 5-1/4' అని ఇస్తే, దీపిక రాసిన కోడ్ 'ఇంటి నంబరు అయిదు పావు' అని చదువుతోంది.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఒక్కటి బాగుచేయబోయి ఇంకొకటి చెడగొట్టింది. అందరూ చూసే చోట, తన పేరు పక్కనే, ఎర్రగా. 'క్షమించండి సార్, నా మార్పు వెనక్కి తీసుకుంటాను,' అని రాసి, కింద ఎందుకో ఫోన్ నంబరు కూడా పెట్టింది.

అరగంటలో ఫోన్ మోగింది.

"దీపికమ్మనా? నేను కొమురెల్లిని. ఆదిలాబాద్ నుంచి."

ఆమె ఆయన్ను బెంగళూరులో అద్దాల మేడలో ఊహించుకుంది. ఆయన సర్కారు బడిలో లెక్కల సారు. వెనక పిల్లల గోల వినిపిస్తూనే ఉంది.

"ఎందుకమ్మా వెనుకకు తీసుకునుడు?"

"చెడగొట్టిన కద సార్. గిది అందరి ఫోన్లకు పోతే ఎట్ల?"

"యాడికి పోయింది? ఎవ్వల ఫోన్లకు పోలే. ఎర్రది పడ్డదంటే తప్పు మన ఇంట్లనే దొరికినట్టు. గా ఇంటి నంబరు పరీక్ష ఎందుకున్నదో ఎరికేనా? రెండేండ్ల కింద నేనే చెడగొట్టిన. అప్పుడు పరీక్ష లేకుండె. పాపం ఒకాయన నంబరు తప్పు విని దోస్తు ఇల్లు దొరకక నాలుగు గల్లీలు తిరిగిండు. తెల్లారే గది రాసిపెట్టిన. ఇయ్యాల నిన్ను పట్టుకున్నది. ఫికర్ చెయ్యకు. జర నిదానంగ, ఎన్ని తీర్ల రాస్తరో అన్ని తీర్లు ఆలోచించి పరీక్షలు రాయి."

ఫోన్ పెట్టేశాక దీపిక ఆ ఎర్ర గుర్తును మళ్ళీ చూసింది. ఎవరికీ ఏమీ కాలేదు. నిజంగానే ఏమీ కాలేదు.

ఆదివారం పొద్దున తిన్నాక, లాప్‌టాప్ పట్టుకుని బాపు పక్కన అరుగు మీద కూర్చుంది. జరిగిందంతా చెప్పింది. సదానందం శ్రద్ధగా విన్నాడు.

"గనిల దిగెటప్పుడు మేము ముందుగాల పైకప్పును కట్టెతోని కొట్టి సూస్తుంటిమి," అన్నాడు. "మంచిగున్న కప్పును గుడ కొడుతుంటిమి. సప్పుడు ఇన్నంకనే లోపలికి. మీ సారు చెప్పింది నాకు సమజైంది. రాయి, నేను చెప్త."

ఆయన చెబుతూ పోయాడు, ఆమె రాస్తూ పోయింది. రెండున్నర చెంచాలు. పావు గ్లాసు. ఆసుపత్రి నర్సమ్మ మెసేజీలో ఒకటి కొట్టి, నడుమ సందిచ్చి అర గుర్తు కొడుతుంది, అప్పుడెట్ల? అదీ రాసింది. ఒకటింబావు దగ్గర ఇద్దరి మాటా కలిసింది గానీ ఒకటి మీద ముప్పావు వచ్చేసరికి వాదన పడింది. దీపిక 'ఒకటి ముప్పావు' అంది. "పావు తక్కువ రెండు అంటరు," అన్నాడు సదానందం. లోపల బియ్యం ఏరుతున్న మల్లక్క, "రెండు అని చెవుల వడితే రెండు ఏసుకుంటడు. పిల్ల చెప్పిందే రాయున్రి," అంది. ఆమె వింటోందని అప్పటిదాకా ఇద్దరికీ తెలియదు.

గీత పెట్టి రాసే 1/2 దగ్గరే చిక్కు మిగిలింది. పక్కన గోలి, చెంచా లాంటి మాట ఉంటేనే 'అర' అనాలని దీపిక కొత్త షరతు పెట్టింది. ఇంటి నంబరు సరిగ్గా వచ్చింది. ఇక అయిపోయినట్టే అనుకుంటుంటే సదానందం ఇంకొక్కటి చెప్పాడు.

"తారీఖు పెట్టు. ఫిబ్రవరి ఒకటో తారీఖుకు గోలీలు అయిపోతయని నువ్వు మొన్న ఎట్ల రాసినవ్?"

'1/2 గోలీలు అయిపోతయి' అని కొట్టి నడిపింది. 'అర గోలీలు అయిపోతయి' అని వచ్చింది.

ఆ మూడు అక్షరాలు తారీఖో, అరనో చూపున్న మనిషికే ఒక్కోసారి తెలియదు. కంప్యూటరుకేం తెలుస్తుంది? దీపిక కొమురెల్లికి ఫోన్ చేసింది. ఆయన అంతా విని, "తెలువనికాడ మనం అర్థం చెప్పద్దు. ఎట్లుంటే అట్ల, ఒకటి బై రెండు అని సదువనియ్యి. ఇనెటాయన సమజ్ చేసుకుంటడు," అన్నాడు.

తను తెలివిగా రాశాననుకున్న లైన్లన్నీ దీపిక తీసేసింది. వాటిని తీసేస్తుంటే బాధ కలగలేదు. భుజాల మీద మూట దించినట్టే అనిపించింది. చివరికి కోడ్ ఆరు లైన్లు మిగిలింది, పరీక్షలు ముప్పై ఒకటి. తారీఖు పరీక్ష, 1/2 అలాగే రావాలని చెప్పేది, అన్నిటికన్నా పైన పెట్టింది. పంపి, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

"ఏమైంది?" అన్నాడు సదానందం, రెండు నిమిషాలకొకసారి.

"నడుస్తున్నయి బాపు."

పది నిమిషాలకు పచ్చ గుర్తు పడింది. పాతవీ కొత్తవీ, ఒక్కటీ తప్పలేదు.

"పచ్చగైంది," అందామె.

సోమవారం కొమురెల్లి ఆ మార్పును అసలు కోడ్‌లో కలిపాడు. శుక్రవారం కొత్త వెర్షన్ అందరి ఫోన్లకూ వెళ్ళింది. కొత్తగా చేర్చినవాళ్ళ పేర్లలో దీపిక పేరుంది. దాని పక్కన సదానందం పేరు కూడా రాయించింది, పరీక్షలు చెప్పినవాడని. ఆ లైను ఫోన్ చదివి వినిపిస్తే సదానందం మళ్ళీ చదివించుకున్నాడు. మధ్యాహ్నానికి గ్రూపులో యాదవ్వ గొంతు వచ్చింది. "ఓ సదానందం తమ్మీ, నా ఫోన్ ఇయ్యాల అర అంటున్నది. నేను ఇన్నొద్దులు నిండుగ ఏసుకున్ననో ఏమో, డాక్టరును అడుగుత." ఆమె రేపే పోతానంది. సదానందం ఆ మెసేజీకి జవాబుగా, తప్పకుండా పొమ్మని రెండుసార్లు చెప్పాడు.

శనివారం పొద్దున మల్లక్క బీరువా తెరిచి గోలీల డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది. దీపిక పట్టీలో అక్షరాలు తీసేసి మళ్ళీ గుర్తే పెట్టి ఉంచింది. సదానందం ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నొక్కాడు.

"పొద్దున అర గోలి," అంది ఫోన్.

ఆయన డబ్బాలోంచి గోలి తీసి, నడుమనున్న గీతను బొటనవేలి గోరుతో తడిమి, రెండు ముక్కలు చేశాడు. ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. రెండోది మూత ఉన్న చిన్న డబ్బీలో వేసి బిగించాడు. మల్లక్క నీళ్ళ గ్లాసు అందించి, ఆయన మింగేదాకా అక్కడే నిలబడింది. తర్వాత చీర కొంగు సర్దుకుంటూ లోపలికి పోయి చెల్లెలికి ఫోన్ కలిపింది.

"పదిగంటల బస్సుకు బయలెల్తున్న," అంటోంది. "ఏం లేదే, అంత మంచిగనే ఉన్నడు. పోరి పేరు ఏమనుకున్నరు?"