ముందు డిక్కీలో మట్టి

ఆషాఢం వచ్చి పన్నెండు రోజులైంది. సత్యశ్రీ తణుకులో పుట్టింట్లో ఉంది. పెళ్లయి రెండు నెలలైనా నిండని ఉదయభాస్కర్‌కి కడియంలో కాలు నిలవడం లేదు. కొత్త అల్లుడు ఆషాఢంలో అత్తగారి గడప తొక్కకూడదు కనుక వాళ్ళ మామ్మ పాపాయి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"మామ్మా, నువ్వెళ్ళి దాన్ని ఓసారి చూసిరారాదూ? నేను వీధి చివర కార్లోనే కూచుంటాను. గడప తొక్కను, ఒట్టు."

"నన్ను చూడమంటున్నావా, నువ్వు చూస్తానంటున్నావా?" అంది పాపాయి.

"ఏదైతేనేంటి, వస్తావా రావా?"

పాపాయి నవ్వి సరేనంది. కానీ వియ్యాలవారింటికి ఒట్టి చేతులతో వెళ్తుందా? ఆవకాయ, మాగాయ జాడీలు రెండు, బెల్లం బుట్ట ఒకటి, కొత్తపల్లి కొబ్బరి మామిడిపళ్ళ గంప ఒకటి, వేళ్ళకి తడిమట్టి ఉండలు కట్టిన మామిడంట్లు నాలుగు సిద్ధం చేసింది. తమ నర్సరీలో పనిచేసే రత్తమ్మని పిలిచి కారు దగ్గరికి మోయించింది.

ఆ కారంటే పాపాయికి మొదటినుంచీ గిట్టదు. ఎర్రగా, నేలకి అతుక్కుపోయినట్టు, ఇద్దరికే చోటున్న విదేశీ బండి. హైదరాబాదులో భాస్కర్ చేత తోటలు వేయించుకున్న ఓ పెద్దమనిషి కొత్తది కొనుక్కుంటూ దీన్ని అతనికి ఇచ్చేశాడు. దాని ఇంజను వెనకాల ఉంటుంది, డిక్కీ ముందుంటుంది. వెనక ఇంజను పక్కన మరో చిన్న అర కూడా ఉంది.

ముందు డిక్కీ తెరిస్తే రెండు గోనెసంచుల నిండా ఎర్రమట్టి కనిపించింది.

"చూశావటే రత్తమ్మా, మనవాడి బుద్ధి! ఇంత పట్టులాంటి కారులో మట్టి బస్తాలు మరిచిపోయాడు," అంది పాపాయి. ఇద్దరూ పట్టి వాటిని దించేశారు. రత్తమ్మ ఆ మట్టి కుమ్మరించి, క్రోటన్ మొక్కల కవర్లు నింపడం మొదలెట్టింది. సామాను మాత్రం పాపాయి ముందు పెట్టనివ్వలేదు. ఎదురుగా దుమ్మూ ఎండా తగిలే చోట ఊరగాయ పెడతారా ఎవరైనా! వెనక అరలో కుక్కించి మూత వేయించింది. పట్టని గంపని సీట్ల వెనక ఇరికించింది.

వేమగిరి దగ్గర నాలుగు వరసల రోడ్డెక్కాక కారు పరుగందుకుంది. జొన్నాడ వంతెన మీద బళ్ళ రద్దీ వల్ల మెల్లగానే వెళ్ళారు. రావులపాలెం దాటాక రోడ్డు ఖాళీ. రెండో గోదావరి వంతెన, సిద్ధాంతం ఊరి దగ్గరిది, ఇంకా ముందుంది. అరటితోటలు ఆకుపచ్చటి గీతలా వెనక్కి పోతున్నాయి. నేల మరీ దగ్గరగా ఉండటం వల్ల రోడ్డంతా తన ఒళ్ళో పడుతున్నట్టుంది పాపాయికి. గడియారంలాంటి దాంట్లో ముల్లు నూట ముప్ఫై దగ్గర వణుకుతోంది.

"ఒరే నాన్నా, కాస్త నెమ్మదిరా."

"భయం లేదు మామ్మా. బెంగుళూరులో దీన్ని రెండొందల మీద తోలతారంట."

అంటూనే భాస్కర్ స్టీరింగు అటోసారి ఇటోసారి కదిపి చూశాడు. నొసలు చిట్లించాడు.

"ఏమైందిరా?"

"ఏంలేదు. ఇవాళ స్టీరింగు దూదిలా ఉంది. మామూలుగా ఇంత తేలిగ్గా ఉండదు." తనకి తనే ధైర్యం చెప్పుకున్నట్టు నవ్వాడు. "దీని బరువంతా వెనకే కదా మామ్మా. స్పీడెక్కితే గాలి కిందనుంచి దూరి మూతిని ఎత్తుద్ది. చక్రాలకి రోడ్డు అందదు. అందుకే ముందు డిక్కీలో రెండు బస్తాల మట్టి వేసి పెట్టాను. అవుండగా దీని మూతి నేలని వదిలిపెట్టదు."

పాపాయికి గుండె ఆగినంత పనైంది.

నోరు తెరిచింది. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి. కానీ చెప్తే వాడు అదిరిపడి బ్రేకు తొక్కితే? ఆమె మొగుడు ముసలయ్య కడియం నుంచి మద్రాసుకి మొక్కల లారీ తోలినవాడు. పెళ్లయిన కొత్తలో పక్కన కూర్చుని ఆమె ఎన్నిసార్లు వెళ్ళిందో. మొక్కల తడిమట్టి ఉండలన్నీ లారీ వెనక్కి జరిగిపోయిన రోజు నెల్లూరు దగ్గర స్టీరింగు ఇలాగే తేలిపోయింది. ముసలయ్య మొహం పాలిపోయింది కానీ యాక్సిలరేటరు మీంచి కాలు మాత్రం ఉన్నపళంగా తీయలేదు. ఆ మొహం ఇప్పుడు భాస్కర్‌ది చూస్తే గుర్తొచ్చింది. ముక్కు అచ్చం వాళ్ళ తాతదే.

వంతెన వచ్చేసింది. కింద గోదావరి ఎర్రగా, నిండుగా, ఎక్కడా ఒడ్డు కానరానంత వెడల్పుగా పోతోంది. ఎడమవైపు నుంచి సముద్రపు గాలి హోరుమంటోంది. ముందు ఓ లారీ, నిండా కొబ్బరికాయలు. భాస్కర్ కుడివైపుకి తప్పించి దాన్ని దాటబోయాడు. ముల్లు నూట నలభై.

"భాస్కరూ," అంది. "నా మాట వింటూ రోడ్డే చూడు. కాలు కదపకు. ఆ బస్తాలు నేను తీయించేశానురా."

"ఏంటీ?"

"కాలు తియ్యకు! ఒక్కసారిగా తియ్యకు! వెనక బరువు వచ్చి మీద పడుద్ది. బ్రేకు జోలికెళ్ళకు. మెల్లగా, గుడ్డు మీంచి తీసినట్టు తియ్యి."

వాడు కాలు వెంట్రుకవాసి లేపాడు. లారీ పక్కన ఉన్నంతసేపూ గాలి లేదు. ఒక్క క్షణం అంతా నిశ్శబ్దం. లారీ మూతి దాటగానే గాలి ఎదురుచూసి కొట్టినట్టు కొట్టింది. కారు ముందుభాగం కుడికి జరిగిపోయింది. భాస్కర్ ఎడమకి తిప్పాడు. తిప్పినా మూతి మాట వినలేదు. వంతెన గోడ పరుగెత్తుకుంటూ దగ్గరికొచ్చింది. దాని మీది సున్నం పెచ్చులు కూడా కనిపించాయి పాపాయికి. ఆ పెచ్చుల అవతల నీళ్ళు.

"ఎక్కువ తిప్పకు నాన్నా. అంతే పట్టుకుని ఉండు. మూతి కిందకి దిగేదాకా ఓర్చుకో."

పాపాయి కళ్ళు మూసుకోలేదు. మూసుకుంటే వాడు భయపడతాడని. తన రెండు చేతులూ సీటు అంచుని పట్టుకున్నాయని ఆమెకి తెలియదు. నూట ముప్ఫై. నూట ఇరవై. తొంభై దగ్గర ఎక్కడో ముందు చక్రాలు బరువుగా కూర్చున్నట్టు స్టీరింగు ఒక్కసారి కరిచిపట్టింది. గోడ జానెడు దూరం నుంచి వెనక్కి తగ్గింది.

వంతెన దిగాక భాస్కర్ కారు పక్కకి ఆపాడు. వెనకనుంచి కొబ్బరికాయల లారీవాడు వచ్చి, వేగం తగ్గించి, "చావాలనుంటే ఒక్కడివే చావరా, ముసలమ్మనెందుకు ఎక్కించుకున్నావు!" అని అరిచి పోయాడు.

భాస్కర్ దిగి ముందు డిక్కీ తెరిచాడు. అడుగున ఎర్రటి దుమ్ము తప్ప ఏమీ లేదు.

"ఏం చేశావు మామ్మా ఆ మట్టి?"

"రత్తమ్మ చేత క్రోటన్ల కవర్లు నింపించేశానురా. నర్సరీలో పుట్టినోడివి, మట్టి బస్తా కారు కోసమని నాకెలా తెలుస్తుంది?"

వాడికి నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. బోనెట్టు పట్టుకుని నిలబడ్డాడు. పాపాయి వాడి వీపు నిమిరింది. కాసేపటికి ఇద్దరూ జాడీలూ, బెల్లం బుట్టా, మట్టి ఉండల అంట్లూ వెనకనుంచి ముందుకి మార్చారు. అయినా ఇరవై దాటనివ్వలేదు పాపాయి. సైకిలు మీద పాలవాడొకడు కాసేపు పక్కనే వచ్చాడు.

తణుకులో వీధి చివరే కారాగింది. సత్యశ్రీ గడపలో నిలబడి మొగుణ్ణి దూరం నుంచే చూసి తలొంచుకుంది. సామాను లోపల పెట్టించి, పాపాయి చేతికి మంచినీళ్ళిచ్చింది. గ్లాసు పళ్ళకి తగిలి టకటకలాడింది.

"ఏంటి మామ్మగారూ, ఆయన స్పీడుగా తోలారా?" అంది భయంగా.

పాపాయి నీళ్ళు రెండు గుక్కల్లో తాగింది. అబద్ధం చెప్పాలనిపించలేదు, నిజం చెప్పే ఓపికా లేదు.

"వెళ్ళేటప్పుడు మెల్లిగా తోలతాడమ్మా," అంది. "వియ్యపురాలు చీరా జాకెట్టూ పెడతానంటే వద్దని చెప్పు. మీ పెరట్లో మంచి మట్టుంటే రెండు గోనెసంచులకి నింపించి ఇప్పించు. నా కళ్ళముందే ఆ కార్లో పెట్టించు."