దిగని ముల్లుగర్ర

కాడి ఎత్తి ఎడ్ల మెడల మీద పెట్టేసరికి నెరికి రొమ్ములో మళ్ళీ ఏదో పట్టేసినట్టయింది. తెల్ల ఎద్దు భుజానికి ఆనుకుని కాసేపు నిలబడ్డాడు. రేపే కళ్ళను కాపాడే పునీత లూచియా పండగ. ఈ పూట చర్చికి రెండు బండ్ల కట్టెలు చేర్చాలి.

అరవై దాటిన మనిషి. వంకర ముక్కు, గుబురు కనుబొమలు, ఎండకు తోలు తేలిన బుగ్గలు. దెబ్బ వేయకుండా ఎడ్లను తోలడం తప్ప అతనికి వేరే విద్య రాదు. ముల్లుగర్ర పట్టుకునేది గాలిలో ఆడించడానికే.

ఆ మొహమే అతని కొంప ముంచింది. పన్నెండేళ్ళ కిందట చర్చిలో లూచియా పటం రాయడానికి సియెనా పట్నం నుంచి చిత్రకారుడు వచ్చాడు. పెద్ద చెక్క మీద, నడుమ బంగారు రేకులో ఆ తల్లి, చుట్టూ ఎనిమిది గడుల్లో ఆమె కథ. "కర్ర ఎత్తి ఎద్దు పక్కన కాస్త నిలబడు" అన్నాడు. నెరి పొంగిపోయి పూటంతా నిలబడ్డాడు. తీరా పటం నిలబెట్టాక చూస్తే, లూచియాను ఎడ్లకు కట్టి ఈడ్పించబోయిన దుర్మార్గుల్లో తనున్నాడు. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే.

ఆ కొండ ఊళ్ళవాళ్ళకు భక్తి జాస్తి. పునీతులను హింసించినవాళ్ళు బొమ్మల్లో ఉన్నా సహించరు, కళ్ళు గీకేస్తారు. లూచియాకు శిక్ష వేసిన న్యాయాధిపతి కళ్ళు మొదటి పండక్కే పోయాయి. భటుల మొహాల్లో రంగు కింద పూసిన తెల్ల సుద్ద తేలింది. నెరికి ఎడమ కన్ను పోయింది. "ఒంటికన్నుతో బండెలా తోలుతున్నావురా?" అని సావాసగాళ్ళు ఆటపట్టిస్తే అతనూ నవ్వేవాడు. భార్య లాపా మాత్రం నవ్వలేదు. "నీ మొహం ఇంకెక్కడా మిగలదు గదయ్యా. ఆ ఒక్క కన్నయినా కాపాడుకో" అంది. ఆమె పోయి మూడేళ్ళు. ఇప్పుడు కూతురు తెస్సాకు నెలలు నిండాయి. పుట్టబోయే బిడ్డకు తాత మొహమంటే ఆ గడిలోదే. అందుకే రోజూ పని కాగానే చర్చికి వచ్చి దానికి అడ్డంగా కూర్చుంటాడు. ఊరంతా పరమ భక్తుడనుకుంటుంది. అతను కాస్తున్నది కాపలా.

ఆ మధ్యాహ్నం కట్టెలు దించి కూర్చున్నాడో లేదో, లోయ ఊరి మనిషి ఒకామె చంకలో పిల్లతో వచ్చింది. పిల్ల కళ్ళు పుసికట్టి వాచిపోయి ఉన్నాయి. తల్లి మోకరిల్లి ఏడ్చి, కొప్పులోంచి ఇనప సూది తీసింది.

"తప్పుకో పెద్దాయనా."

"ఎందుకమ్మా?"

"ఆ ఎడ్లోడి కన్ను పెకలించాలి. నా పిల్లకు చూపొస్తుందంట."

"ఆ ఎడ్లోణ్ణి నేనేనమ్మా."

ఆమె బొమ్మను చూసింది, అతన్ని చూసింది. అవే కనుబొమలు.

"ఛీ! ఆ తల్లిని ఈడ్చడానికి సిగ్గులేదూ?"

"ఎడ్లు కదిల్తేగా తల్లీ ఈడ్చేది? కర్ర చూడు. ఎత్తాను, అంతే. పన్నెండేళ్ళయింది, ఇంతవరకు దించలేదు. ఎడ్లనే ఎన్నడూ కొట్టినోణ్ణి కాను. రేపో మాపో నా కూతురు బిడ్డను కంటుంది. దానికి నా మొహం ఉండనీవమ్మా."

సూది ఆమె చేతిలోనే ఉండిపోయింది. "అయితే దీన్నెత్తి ఆ తల్లికి చూపించు, నా చేతులు లాగుతున్నాయి" అని పిల్లను అతనికిచ్చింది.

రొమ్ములో నొప్పి లెక్కచేయకుండా నెరి పిల్లను తలపైకి ఎత్తాడు. పిల్ల రెప్పలు చిట్లించి బంగారు రేకు మీద అరచెయ్యి వేసింది.

"మెరుస్తంది" అంది.

తల్లి పిల్లను లాక్కుని ముద్దులు పెట్టుకుంది. నెరికి ఆనందం పట్టలేక కళ్ళు తడిశాయి. మళ్ళీ తన చోట కూలబడ్డాడు. సాయంప్రార్థన గంట మోగినా లేవలేదు. ధ్యానంలో ఉన్నాడనుకున్నారు. దీపాలు పెట్టడానికి వచ్చిన చర్చి గురువు భుజం తట్టి చూసి, నెమ్మదిగా టోపీ తీసేశాడు.

మర్నాడు మధ్యాహ్నానికి నెరి సమాధి పూర్తయింది. తెస్సా కడుపు పట్టుకుని చర్చికి పరుగెత్తింది. నాలుగు ఊళ్ళ జనం, కాపలా లేని గడి. రెండు కళ్ళ చోటా సుద్దే ఉంటుందనుకుంటూ మనుషులను తోసుకుని వెళ్ళింది.

తండ్రి చోట లోయ ఊరి మనిషి ఒకామె ఒళ్ళో పిల్లతో బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది.

"ఆగవే, తొందరేంటి? ఆ కర్ర దిగిందేమో చూడు ముందు" అని ఎవరినో కసురుతోంది. "ఎడ్లను కూడా కొట్టని మనిషి. నాతో స్వయంగా చెప్పాడు."

నెరి కుడికన్ను తెస్సాను చూస్తోంది. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. కింద చెక్క అంచు మీద, కారిన మైనం మధ్య, కొప్పుల్లోంచి తీసిన ఇనప సూదులు పడి ఉన్నాయి. ఒకదానికి పొడవాటి తెల్లవెంట్రుక ఇంకా చుట్టుకునే ఉంది.